తుల్సీరాం మేక పాఠం

తుల్సీరాంను రిసోర్సు పర్సన్‌గా ఎంపిక చేసింది అతని తెలివితేటలు చూసి కాదు, ఎండాకాలం చూసి.

1989 మే నెలలో భద్రాచలంలో ప్రాథమిక పాఠశాలల పంతుళ్లకు కొత్త బోధనా పద్ధతి మీద శిక్షణ ఉందనీ, మండలానికి ఒకరిని పంపమనీ కబురు వచ్చింది. కబురు అందిన వారంలోపే ఆ మండలంలో పంతుళ్లందరికీ ఎక్కడలేని పనులూ వచ్చిపడ్డాయి. ఒకాయన మేనకోడలికి పెళ్లి కుదిరింది. ఒకాయనకు నడుం పట్టేసింది. ఇక్కడ ఉద్యోగం, సత్తుపల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే మరొకాయనకు, మే నెలలో పొలంలో గడ్డిపోచ కూడా ఉండదని తెలిసినా, పొలం పని అడ్డొచ్చింది. మండల విద్యాధికారి వెంకటరామారావు పేర్లన్నీ తలుచుకుని తలుచుకుని చివరికి తుల్సీరాం దగ్గర ఆగాడు. “నువ్వెళ్లు తుల్సీరాం. తండాలో పుట్టినవాడివి, ఎండ నిన్నేం చేస్తుంది?” అన్నాడు. తండాలో పుట్టినవాళ్లను చూసి ఎండ పక్కకు తప్పుకోదని చెప్పాలనిపించినా, తుల్సీరాం “అట్లనే సార్” అని సంచీ సర్దుకున్నాడు.

శిక్షణ పొద్దుట మొదలై పొద్దుగూకేదాకా సాగేది. పంతులు ఒక్కడే మాట్లాడుతూ కూర్చుంటే పిల్లల బుర్రకు ఏమీ ఎక్కదని పెద్దలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మైకులో మాట్లాడారు. వింటున్న పంతుళ్ల బుర్రకు ఏమీ ఎక్కలేదు గనక, వాళ్లు చెప్పింది నిజమేనని అక్కడికక్కడే రుజువైంది. భోజనాల గంట ఎప్పుడు కొడతారా అని అందరి ధ్యాసా దాని మీదే ఉండేది.

తుల్సీరాం ఒక్కడు మాత్రం చెవులు రిక్కించి విన్నాడు. అందుకు కారణం ఉంది. అతను పుట్టింది ఇల్లందుకూ పినపాకకూ మధ్య అడవిలో, రాళ్లవాగు తండాలో. బడిలో వేసిన రోజు అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. పంతులేమో తెలుగు తప్ప ఇంకో మాట బడిలో వినపడితే బెత్తం తీసేవాడు. రెండేళ్లపాటు తుల్సీరాం బడి అంటే నోరు మూసుకుని కూర్చునే చోటు అనుకున్నాడు, అదీ కాళ్లు తిమ్మిరెక్కేదాకా. ఇప్పుడు ముప్పై దాటాక, భద్రాచలంలో ఎవరో సూటువేసుకున్నాయన “పిల్లవాడి చుట్టూ ఉన్నదాంట్లోంచే పాఠం పుట్టాలి. వాడి నోటితోనే అది బయటికి రావాలి” అన్నప్పుడు అతను ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. ఈ మాట ఎవరైనా పాతికేళ్ల కిందట చెప్పి ఉంటే బాగుండేదనుకున్నాడు.

తిరిగొచ్చాక అతనికి అప్పగించిన పని ఇది: చుట్టుపక్కల బడుల పంతుళ్లంతా రెండు నెలలకోసారి వెదుళ్లగూడెం బడిలో కూడతారు. తుల్సీరాం వాళ్ల ముందు పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒక నమూనా పాఠం చెబుతాడు. తర్వాత ఒక్కొక్క బడికీ వెళ్లి, కొత్త పద్ధతిని అక్కడి పంతులు ఆచరణలో పెడుతున్నాడో లేదో చూసి, పెట్టకపోతే దగ్గరుండి పెట్టిస్తాడు. ఈ పనికి రిసోర్సు పర్సన్ అని ఒక హోదా కూడా ఇచ్చారు, పొట్టిగా ఆర్పీ. పంతుళ్లు అతన్ని “ఆర్పీ గారు” అనడం మొదలుపెట్టారు. హోదాతో పాటు బండి ఇవ్వలేదు గనక అతను బస్సు ఉన్న చోటికి బస్సులో, లేని చోటికి కాలినడకన తిరిగేవాడు.

తుల్సీరాం ఆశ మరీ పెద్దదేం కాదు. మండలమంతా మారిపోవాలని అతను కలలు కనలేదు. “ఒక్క పంతులు, ఒక్క పాఠం. పుస్తకంలది కాదు, నేను చెప్పింది కాదు, సొంత బుర్రతోని పుట్టింది. అది నేను నా కండ్లతోని చూడాలె” అన్నాడు భార్య కమ్లితో. ఇంతేనా అని ఆమె నవ్వింది. అది మొదలు సాయంత్రం అతను గడప దాటగానే కమ్లి మంచినీళ్ల చెంబు అందిస్తూ “దొరికిండా?” అని అడిగేది. అతను తల అడ్డంగా ఊపి నీళ్లు తాగేవాడు.

మొదటి నమూనా పాఠం కొలతల మీద. మూడో తరగతి పిల్లలు. బల్లను జానలతో కొలిపించాడు, గదిని అడుగులతో కొలిపించాడు. ఒక్కొక్కరి జానకు ఒక్కో లెక్క వస్తోందేమిటని పిల్లలు తమలో తాము గొడవపడటం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు, బడి పక్కింటి ఆదెమ్మ మేక, నుదుట తెల్లమచ్చ ఉన్నది, తలుపు తోసుకుని లోపలికి వచ్చి గోడకు తగిలించిన రంగుకాగితం ఒకటి నమలసాగింది. ఇంకొకరైతే దాన్ని అదిలించేవారు. తుల్సీరాం వెంటనే “దీన్ని కొలుస్తరా?” అన్నాడు. పిల్లలు ఎగబడ్డారు. మేక నిలవదు. ఒకడు పోయి చింతచిగురు తెచ్చి దాని ముందు పెట్టాడు. నిలబడింది. కొమ్ముల నుంచి కొలవాలా, ముక్కు నుంచి కొలవాలా? తోక కలపాలా, వద్దా? సగం మంది కలపాలన్నారు, సగం మంది వద్దన్నారు. కలపాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ వాదించుకుంటుండగానే గంట కొట్టారు. తుల్సీరాం తీర్పు చెప్పలేదు. ఇంటికి పోయి ఆలోచించుకు రమ్మన్నాడు. జీవితంలో అంత మంచి పాఠం తను ఎప్పుడూ చెప్పలేదని అతనికి తెలుసు. దాని సగం గొప్పదనం మేకదేనని కూడా తెలుసు.

వెనక బెంచీల మీద కూర్చున్న పంతుళ్లు తలెత్తకుండా రాసుకుంటున్నారు. ఆ శ్రద్ధ చూసి తుల్సీరాంకు ప్రాణం లేచొచ్చింది. చివర్లో సందేహాలుంటే అడగమన్నాడు. పగిడయ్య అనే పంతులు లేచి, మేక ఆడదై ఉండాలా, మగదైనా పర్లేదా అని అడిగాడు. తుల్సీరాం హాస్యమనుకుని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. వాళ్లంతా జవాబు కోసం కలాలు పట్టుకుని చూస్తున్నారు.

తర్వాతి నెలలో అతను బడులు చూడటానికి బయల్దేరాడు. మొదటి బడిలో కిటికీ ఊచకు మేక కట్టేసి ఉంది. పంతులు పిల్లల్ని నిలబెట్టి “తోక కలుపుదామా, వద్దా?” అని అడిగాడు. పిల్లలు ఒక్క గొంతుతో “తోక వద్దు సార్” అన్నారు. రెండో బడిలో రెండు మేకలున్నాయి, ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉంటుందని. అక్కడా తోక వద్దనే అన్నారు. మూడో బడి పంతులు ఎదురొచ్చి, మేక దొరకలేదు, దూడ ఉంది, సర్దుకుంటారా అని చేతులు నలుపుకున్నాడు. తుల్సీరాం తల పట్టుకున్నాడు. మేక అనుకోకుండా వచ్చిందనీ, అది పద్ధతిలో భాగం కాదనీ, ఎవరి బడిలో ఏది ఎదురుపడితే దానితో వాళ్లు పాఠం అల్లుకోవాలనీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. పంతులు “అవ్ సార్, అవ్ సార్” అని అంతా విన్నాడు. ఆర్పీ గారు తనను పరీక్షిస్తున్నారని అతనికి అర్థమైంది. మళ్లీసారి వెళ్లేసరికి దూడ పోయి మేక వచ్చింది.

వాళ్లను అని కూడా ఏం లాభం? ఏళ్ల తరబడి పైనుంచి ఏ పద్ధతి దిగినా దాన్ని అక్షరం పొల్లుపోకుండా చేసినవాడే ఉద్యోగంలో హాయిగా ఉన్నాడు, సొంతంగా ఏదో చేసినవాడు సంజాయిషీ రాసుకున్నాడు. ఇప్పుడు దిగిన పద్ధతి సొంతంగా చేయమంటోంది. సరే, సొంతంగా ఎలా చేయాలో ఆర్పీ గారు చేసి చూపించారు. వాళ్లు అచ్చం అలాగే చేస్తున్నారు. ఇంతకన్నా విధేయత ఏ ప్రభుత్వానికి దొరుకుతుంది?

విద్యాధికారి వెంకటరామారావు అయితే మురిసిపోయాడు. ఇన్నాళ్లూ ఏ బడిలో ఏం చూడాలో తెలిసేది కాదు. ఇప్పుడు జీపు దిగుతూనే తెలిసిపోతోంది. తనిఖీ కాగితంలో బ్లాక్‌బోర్డు, సుద్దముక్కలు అని ఉన్న వరుసలో ఆయన తన చేత్తోనే మేక అని కూడా చేర్చాడు.

ఇక మిగిలింది చెంచురామయ్య పంతులు. తుల్సీరాంను చిన్నప్పుడు బెత్తంతో కొట్టింది ఈయనే. సత్తుపల్లి వైపు రైతు కుటుంబం, పంచె, భుజాన తువ్వాలు, చంకలో గొడుగు. ఎక్కడెక్కడో తిరిగి ఉద్యోగం ఆఖర్లో మళ్లీ రాళ్లవాగు తండాకే వచ్చిపడ్డాడు. వచ్చే ఎండాకాలం రిటైరవుతాడు. బెత్తం ఇంకా అదే. తుల్సీరాంకు ఈయన మీద కోపం చావలేదు, కృతజ్ఞతా చావలేదు. అయిదో తరగతి అయ్యాక “వీణ్ణి పశువుల వెంట తోలారంటే ఊరుకోను” అని తండ్రితో పోట్లాడి, తనను ఇల్లందు దాకా నడిపించుకుపోయి, హాస్టలు వార్డెను సీటు లేదంటే ఆ గుమ్మంలోనే బైఠాయించి సీటు సంపాదించినవాడు కూడా ఈయనే. ఆ ఒక్క పంతులు ఈయనే అయితే ఎంత బాగుంటుందోనని తుల్సీరాం మనసులో ఉండేది. ఆ సంగతి కమ్లికి కూడా చెప్పలేదు.

చెంచురామయ్య నలుగురిలో అతన్ని “ఆర్పీ గారు” అనేవాడు. ఒంటరిగా దొరకగానే పాత పిలుపే. ఒకరోజు వసారాలోకి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. “ఒరే తుల్సీ, ఆ మేకతో ముందు ఏం చెయ్యాలో, తరవాత ఏం చెయ్యాలో వరసగా చెప్పు. రాసుకుంటాను.”

“మేక ఎందుకు పంతులుగారూ? మీకు తోచిన పాఠం మీరు చెప్పుండ్రి. పిల్లలకు ఏమెరుకో అడుగుండ్రి, అండ్లకెల్లి మొదలువెట్టుండ్రి.”

చెంచురామయ్య కలం పక్కన పెట్టాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “ముప్పై ఏళ్లు పైవాళ్లకు ఏది తోస్తే అది చెప్పాన్రా. ఇవాళ నాకే తోచాలంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ ఏడాది ఒడ్డెక్కించు చాలు. పెన్షను కాగితాల మీద మచ్చ పడకుండా చూడు” అన్నాడు.

తుల్సీరాంకు ఆ మాట గుచ్చుకుంది. తను మాట రాక కూర్చున్న బడిలోనే, మాట రాక కూర్చున్నది ఇప్పుడు పంతులుగారని తోచి జాలేసింది. వరుస చెప్పాడు. పెద్దాయన రాసుకున్నాడు. తండాలో మేకలున్న హాతీరాం ఇంటి నుంచి మేకను తెప్పించే ఏర్పాటు కూడా జరిగింది.

ఆ చలికాలంలో హైదరాబాదు నుంచి ఒక పెద్దాఫీసరు, కొత్త పద్ధతి అడవి ప్రాంతంలో ఎలా సాగుతోందో చూడటానికి వచ్చాడు. ఒక్కరోజులో నాలుగు బడులు చూసి, పొద్దుగూకేలోగా భద్రాచలం చేరి రాములవారి దర్శనం చేసుకోవాలని ఆయన కార్యక్రమం. జీపులో ముందు ఆయన, వెనక వెంకటరామారావు, తుల్సీరాం.

మొదటి బడిలో మేకను కొలిచారు. తోక వద్దన్నారు. ఆఫీసరు తృప్తిగా తల పంకించాడు. రెండో బడిలో ఉన్నది ఆదెమ్మ మేక. అక్కడి పంతులు ముందు రోజే వచ్చి, అసలు పాఠం దీనితోనే మొదలైంది గనక ఇదైతేనే మంచిదని ఆదెమ్మను బతిమాలి తీసుకుపోయాడు. అది బాగా అలవాటుపడిపోయి, పిల్లలు రాగానే తనంతట తనే పక్కకు తిరిగి నిలబడింది. మూడో బడికి జీపు వాగు చుట్టూ తిరిగి వెళ్లాలి. అడ్డదారిన నడిచేవాళ్లకు దగ్గర. జీపు చేరేసరికి అక్కడ కూడా నుదుట తెల్లమచ్చ ఉన్న మేకే ఉంది, కాస్త రొప్పుతూ. దాన్ని భుజాన వేసుకుని అడ్డదారిన పరుగెత్తుకొచ్చిన మనిషి గోడ వెనక ఇంకా గట్టిగా రొప్పుతున్నాడు.

“ఈ ప్రాంతంలో మేకలన్నీ ఒకే జాతివిలా ఉన్నాయే” అన్నాడు ఆఫీసరు.

“స్థానిక జాతి సార్” అన్నాడు వెంకటరామారావు తడుముకోకుండా.

తుల్సీరాంకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నాలుగోది రాళ్లవాగు తండా. అక్కడ కూడా ఇదే చూడాలి, అది కూడా తన పంతులుగారి నోటి నుంచి వినాలి అనుకున్నాడు. జీపు ఆగింది. బడి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల పలకలున్నాయి, సంచులున్నాయి, గోడకు మేకు, మేకుకు తెగిన తాడు. మనుషులు లేరు, మేకా లేదు. అటు వెళుతున్న ముసలమ్మను అడిగితే, మేక తెంపుకుని వాగు దిక్కు పోయిందనీ, పంతులూ పిల్లలూ దాని వెంట పడ్డారనీ చెప్పింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. తుల్సీరాం ఇప్పుడే పిలుచుకొస్తానని వాగు దిక్కు ఉరికాడు.

ఒడ్డు దిగబోతూ చెట్ల చాటునే ఆగిపోయాడు.

ఇసుకలో పిల్లలంతా గుంపుగా వంగి ఉన్నారు. పంచె ఎగగట్టుకుని చెంచురామయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. హాతీరాం కూతురు లాలి ముందుంది. ఆ పిల్ల బడిలో చేరిన నాటి నుంచి నోరు విప్పడం తుల్సీరాం చూడలేదు. ఇప్పుడు వేలితో ఇసుక మీద గిట్టల జాడ చూపిస్తూ లంబాడీలో గడగడా చెబుతోంది. దీనికీ దానికీ తేడా ఏమిటని పెద్దాయన అడుగుతున్నాడు. ఇది మేక, అది అడవి పంది అంటోంది ఆ పిల్ల. ఆమె మాట ఆయనకు అర్థం కాకపోతే ఇంకో పిల్లవాడు తెలుగులో చెబుతున్నాడు. చెంచురామయ్య ఆ లంబాడీ మాటను తను కూడా పలికి చూశాడు. తప్పు పలికాడు. పిల్లలు పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు. బెత్తం తియ్యలేదు.

నిజానికి బెత్తం అప్పటికే చేతిలో ఉంది. ఇక్కడ మేక ఉరికిందనీ, అక్కడ మేసుకుంటూ నిమ్మళంగా పోయిందనీ లాలి అంటే, నీకెలా తెలుసని ఆయన అడిగాడు. జాడకూ జాడకూ మధ్య ఎడం చూడమంది ఆ పిల్ల. ఆయన బెత్తాన్ని ఇసుక మీద ఆనించి ఆ ఎడం కొలిచాడు. తర్వాత ఇంకోచోట కొలిచాడు. ఆయనకు నమ్మకం కుదరలేదు. “ఏదీ, నువ్వు కొలువు” అని బెత్తం లాలి చేతికిచ్చాడు. ఆ పిల్ల కొలిచింది, వెనకున్నవాళ్లు నాకంటే నాకని లాక్కుని కొలిచారు. ఎడం తగ్గుతోంది గనక మేక అలసిపోయిందనీ, అలసిపోయింది గనక దగ్గర్లోనే ఉంటుందనీ, దగ్గర్లో నీళ్లున్నది ఒక్క మడుగు దగ్గరే గనక అక్కడే దొరుకుతుందనీ తేల్చారు. చెంచురామయ్య వేలితో ఇసుకలో వాగు గీశాడు. మడుగు ఆ వంకలో కాదు, ఈ వంకలో అని పిల్లలు చెరిపి మళ్లీ గీశారు. అరచేతుల మీద తప్ప ఇంకెక్కడా వాడని బెత్తం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతోంది.

తుల్సీరాంకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇదే. ఇన్నాళ్లుగా బస్సుల్లో, బాటల్లో, మేకల మధ్య తను వెతుకుతున్నది ఇదే. పిలవడానికి వచ్చిన సంగతి మరిచిపోయాడు. ఎక్కడో హారను మోగినట్టు, కాసేపటికి మళ్లీ మోగినట్టు అనిపించింది. అది తన కోసమని తట్టలేదు. తట్టి బడి దగ్గరికి పరుగెత్తేసరికి జీపు లేదు, దుమ్ము మాత్రం ఉంది.

ఆ సాయంత్రం కమ్లి చెంబు అందించి ఏమీ అడగకముందే “దొరికిండు” అన్నాడు. ఆమె సంతోషించబోయి, మగని మొహం చూసి ఆగిపోయింది.

మర్నాడు అతను విద్యాధికారి దగ్గరికి వెళ్లాడు. రాళ్లవాగు తండా బడి పనివేళల్లో ఖాళీగా ఉన్నట్టు, కొత్త పద్ధతి ఆచరణలో లేనట్టు ఆఫీసరు రాసుకుని పోయాడు. చెంచురామయ్యకు మెమో అప్పటికే తయారైంది. తుల్సీరాం వాగులో చూసింది పూసగుచ్చినట్టు చెప్పాడు. తను వెంటనే పిలవకపోవడమే తప్పని, మెమో ఇస్తే తనకే ఇవ్వమని కూడా అన్నాడు. వెంకటరామారావు ఓపిగ్గానే విన్నాడు.

“ఇంతకీ పాఠం ఏమిటి?”

“మేకను దేవులాడుడు సార్.”

“మేకను కొలవడం పాఠమయ్యా. వెతకడం పాఠం ఎలా అవుతుంది?” అన్నాడు ఆయన, నిజంగానే అర్థం కాక.

పైగా ఆఫీసరు మిగతా మూడు బడులనూ తెగ మెచ్చుకున్నాడట. స్థానిక వనరులను ఇంత పొందికగా వాడుకున్న మండలం తను చూడలేదన్నాడట. ఆ పాఠం తయారుచేసిన ఆర్పీని పక్క మండలాలకు కూడా పంపి చూపించమన్నాడట. “నీ పాఠమే కదా, నువ్వే కాదంటే ఎలా?” అన్నాడు వెంకటరామారావు.  ఆఖరికి తేలిందేమిటంటే, తుల్సీరాం రాళ్లవాగు తండాకు వెళ్లి చెంచురామయ్యను దారిలో పెట్టాలి. ఆయన దారిలో పడ్డాడని రాసి సంతకం పెడితేనే పెన్షను కాగితాలు పైకి కదులుతాయి.

అతను వెళ్లేసరికి పెద్దాయన సిద్ధంగా ఉన్నాడు. కొత్త మేక, రెండు తాళ్లు, పైన ఒక గొలుసు. పిల్లలు వరుసల్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. లాలి అందరికన్నా వెనక, గోడకు ఆనుకుని ఉంది. బెత్తం మళ్లీ బల్ల మీదికి వచ్చింది.

తుల్సీరాం ఆయన్ను పక్కకు పిలిచాడు. “ఆ దినం వాగుల మీరు చెప్పిందే పాఠం పంతులుగారూ. నేను చెట్ల చాటుకెల్లి చూసిన. నాకంటే మంచిగ చెప్పిన్రు. మీ తప్పేం లేదు, పిలువకుండ నిలవడ్డ నాదే తప్పు.”

చెంచురామయ్య అతని మొహంలోకి చూశాడు. కాసేపు నమ్మబోయినట్టే ఉన్నాడు. అంతలో చొక్కా జేబులోని మెమో గుర్తొచ్చిందేమో, దాని మీద చెయ్యి వేసుకున్నాడు. “నన్ను ఊరడించకురా. మేక పోతే వెతుక్కున్నాం, దాన్ని పాఠం అంటే పిల్లలు కూడా నవ్వుతారు. కూర్చో. ఈసారి ఒక్క మాట పొల్లుపోదు” అన్నాడు.

పొల్లుపోలేదు. మేకను మధ్యకు తెచ్చారు. చింతచిగురు పెట్టారు. జానలు వేశారు. “తోక కలుపుదామా, వద్దా?” అన్నాడు చెంచురామయ్య. “తోక వద్దు సార్” అన్నారు పిల్లలు. ఆయన సందేహాలుంటే అడగమన్నాడు. అది కూడా వరుసలో ఉంది. ఎవరూ ఏమీ అడగకపోవడం కూడా వరుసలో ఉంది. తుల్సీరాం కుర్చీలో కూర్చుని విన్నాడు. ఈ పాఠాన్ని కన్నది తను, ఈ ముసలాయన చేత వల్లె వేయించిందీ తనే.

అప్పుడు వెనక నుంచి లాలి లేచింది. వచ్చీరాని తెలుగులో, పంతులును కాదు, నేరుగా తుల్సీరాంనే చూస్తూ అడిగింది.

“సారూ, మేక మళ్ల ఎప్పుడు తప్పిపోతది?”

చెంచురామయ్య మొహం పాలిపోయింది. ఇది వరుసలో లేదు. చెయ్యి బెత్తం మీదికి పోయింది గానీ ఎత్తలేదు. పిల్లలంతా ఆ పిల్లకేసి కాదు, మేకకేసి చూస్తున్నారు, అదే జవాబు చెప్పాలన్నట్టు.

తుల్సీరాం లేచాడు. మేక దగ్గరికి వెళ్లి గొలుసు తీశాడు. ఒక తాడు విప్పాడు. రెండో తాడు ముడి బిగిసిపోయి ఉంది, పళ్లతో పట్టి లాగాడు. “ఒరే తుల్సీ, ఏం పనిరా ఇది!” అని చెంచురామయ్య అంటుండగానే దాని వీపు మీద ఒక్కటి చరిచాడు. మేక బెదిరి గుమ్మం దాటింది. లాలి గోడ దగ్గర్నుంచి బాణంలా కదిలింది, ఆమె వెనక మిగతా పిల్లలు. గది ఖాళీ అయింది.

ఖాళీ గదిలో గురువూ శిష్యుడూ ఒకరినొకరు చూసుకున్నారు. బయట వాగు దిక్కు నుంచి లాలి గొంతు, లంబాడీలో ఏదో గట్టిగా పిలుస్తోంది. చెంచురామయ్య గుమ్మం దాకా వెళ్లి విన్నాడు. “జాడ దొరికిందంటోంది కదూ?” అన్నాడు. ఆ మాట ఆయనకు ఈసారి ఎవరూ తెలుగులో చెప్పలేదు. జేబులోని మెమో జారి కింద పడినా చూసుకోకుండా, పంచె ఎగగట్టి, బెత్తం తీసుకుని బయల్దేరాడు.

పొద్దు వాలాక తుల్సీరాం తనిఖీ కాగితం తీసి, మేక పాఠం సూచనల ప్రకారం జరిగినది, ఉపాధ్యాయుడు పద్ధతిని పూర్తిగా గ్రహించినాడు అని రాసి సంతకం పెట్టాడు. మేక అన్న గడిలో “ఉంది” అని రాసేముందు మాత్రం కాసేపు ఆగవలసి వచ్చింది, అది ఇంకా దొరకలేదు.